రెండు ట్యాంకులు, ఒకే ఇంజను: పాత పికప్పుల ఇంధన వ్యవస్థపై ఒక సమీక్ష

ఫోర్డ్ ఎఫ్-150, జనరల్ మోటార్స్ వారి షెవర్లే సి-10 లాంటి పాత అమెరికన్ పికప్పులు చాలావాటికి పెట్రోలు ట్యాంకులు రెండేసి ఉండేవి. డ్యాష్‌బోర్డు మీద ఒక చిన్న స్విచ్చి ఉంటుంది. అటు నొక్కితే ఒక ట్యాంకు, ఇటు నొక్కితే రెండోది. 1997 మోడల్‌గా కొత్త ఎఫ్-150 వచ్చాక ఈ ఏర్పాటు మామూలు పికప్పుల నుంచి తప్పుకుంది. ఆ బళ్లు మాత్రం పూర్తిగా తప్పుకోలేదు, పొలాల్లోనూ చిన్న వర్క్‌షాపుల ముందూ ఇప్పటికీ తిరుగుతున్నాయి. వాటిని అమ్మేటప్పుడు తరచూ వినపడే మాట ఒకటుంది: "వెనక ట్యాంకు పనిచెయ్యదు, ముందుదాని మీదే నడుపుకోవచ్చు."

ఈ మాటను తేలిగ్గా తీసుకోకూడదని నా అభిప్రాయం. పనిచెయ్యని ట్యాంకులో పాత పెట్రోలు ఉంటుంది, ఆవిరి ఉంటుంది. అన్నిటికన్నా ముఖ్యంగా, ఇంజనుతో దానికి పైపుల సంబంధం ఇంకా తెగి ఉండదు. ఆ ట్యాంకు ఎందుకు పనిచెయ్యడం లేదో తెలియకుండా రెండోదాని మీద నడపడమంటే, సగం తెరిచిన వాల్వు ఏ వైపు తిరిగి ఉందో చూడకుండా నడపడమే. నిజానికి ఒకే ట్యాంకున్న బండిలో కంటే ఇక్కడ తప్పు పట్టుకోవడం సులువు. ఒక ట్యాంకు చెడితే, దాన్ని పోల్చి చూడడానికి బాగున్న ట్యాంకు పక్కనే ఉంటుంది.

రెండు ట్యాంకులు ఎందుకు పెట్టారన్నదానికి పెద్ద కథేమీ లేదు. ఆ కాలపు వి-8 ఇంజన్లు గ్యాలన్‌కు పది పదిహేను మైళ్లకు మించి ఇచ్చేవి కావు. గ్యాలన్ అంటే మన లెక్కలో 3.8 లీటర్లు. ఊరికీ ఊరికీ మధ్య దూరాలు ఎక్కువ. 1973 చమురు సంక్షోభంలో బంకుల ముందు బారులు తీరిన జనానికి రెండో ట్యాంకు పెద్ద భరోసా అయింది. 1990ల ఎఫ్-150లో రెండు ట్యాంకులూ కలిపి సుమారు 35 గ్యాలన్లు, అంటే 130 లీటర్ల పైచిలుకు పట్టేవి. 1973-87 మధ్య జనరల్ మోటార్స్ పొడవు పికప్పుల్లో ఒక్కో పక్క 20 గ్యాలన్ల చొప్పున రెండుండేవి.

బండి ఏ తరానిదో తెలిస్తేనే రిపేరు మొదలుపెట్టాలి. 1970ల మొదట్లోని బళ్లలో సీటు దగ్గర నేలమీద చేత్తో తిప్పే మూడు దారుల వాల్వు ఉండేది. దాంట్లో చెడేది సీలు ఒక్కటే. ఆ తర్వాత ఛాసిస్‌కు బిగించిన కరెంటు వాల్వులు వచ్చాయి. జనరల్ మోటార్స్ బళ్లలో ఎక్కువగా కనపడేది ఆరు మూతుల మోటారు వాల్వు. సప్లైకి మూడు మూతులు, ఇంజను నుంచి వెనక్కి వచ్చే రిటర్న్‌కు మూడు. లోపలి చిన్న మోటారు ఒకవైపు తిరిగితే ఒక ట్యాంకు, కరెంటు ధ్రువాలు మారి ఎదురు తిరిగితే రెండో ట్యాంకు. మీటరు ముల్లుకు వెళ్లే వైరు కనెక్షన్ కూడా అందులోనే మారుతుంది.

ఫోర్డ్‌లో ఫ్యూయెల్ ఇంజెక్షన్ వచ్చాక, సుమారుగా 1985 నుంచి 1989 వరకు, ప్రతి ట్యాంకులో ఒక తక్కువ ఒత్తిడి పంపు, ఛాసిస్ మీద రెండిటికీ ఉమ్మడిగా ఒక ఎక్కువ ఒత్తిడి పంపు పెట్టారు. మధ్యలో ఫిల్టరుతో కూడిన చిన్న రిజర్వాయరు, అందులోనే మార్పిడి వాల్వు. 1990 నుంచి ఛాసిస్ పంపు పోయింది. ప్రతి ట్యాంకులోనూ ఎక్కువ ఒత్తిడి పంపే ఉంటుంది, దాని చట్రంలోనే పెట్రోలును ఒకవైపే పోనిచ్చే చెక్ వాల్వులు. బయట మార్పిడి వాల్వు అంటూ లేదు. ఏ పంపుకు కరెంటు వస్తే ఆ పంపు ఒత్తిడే తన రిటర్న్ దారిని తెరుస్తుంది. కాగితం మీద ఇది చక్కటి ఆలోచన. పాతబడినకొద్దీ ఎక్కువ తలనొప్పి తెచ్చిపెట్టింది కూడా ఇదే.

ఇక తప్పు పట్టుకునే పద్ధతి. మొదట వేసుకోవలసిన ప్రశ్న ఒకటే: ఇబ్బంది రెండు ట్యాంకుల మీదా ఉందా, ఒక్కదాని మీదేనా? రెండిటి మీదా ఉంటే ట్యాంకుల జోలికే వెళ్లొద్దు. ఉమ్మడిగా ఉన్నవి చూడాలి: ఫిల్టరు, ఛాసిస్ పంపు, పంపు రిలే, ఫ్యూజు, ఫోర్డ్ అయితే ఇనర్షియా స్విచ్చి. ఢీకొన్నప్పుడు పంపు ఆపెయ్యడానికి పెట్టిన ఈ చిన్న పెట్టె డ్రైవరు పక్క సీటు వాళ్ల కాళ్ల దగ్గర ఉంటుంది. గట్టి గుంతలో పడినా, సామాను తగిలినా దాని బొత్తం పైకి లేస్తుంది, బండి చచ్చినట్టు ఆగిపోతుంది. బొత్తం నొక్కితే సరిపోయేదానికి పంపులు మార్చిన సందర్భాలున్నాయి. అయితే దెబ్బ తగిలిన బండిలో, పెట్రోలు ఎక్కడా కారడం లేదని చూసుకున్నాకే ఆ బొత్తం నొక్కాలి.

ఒక్క ట్యాంకు మీదే ఇబ్బంది అయితే, ఆ ట్యాంకుకు మాత్రమే సంబంధించిన వాటిని వరసగా చూడాలి: దాని పంపు, పంపు కింది జల్లెడ, దాని వైరు, ఎర్త్, పైపు, వాల్వులో దాని మూతి. తాళం తిప్పగానే ఫోర్డ్ కంప్యూటరు పంపును ఒక్క క్షణం తిప్పి ఆపుతుంది. ఒకరు తాళం తిప్పాలి, ఇంకొకరు ట్యాంకు మూత తీసి చెవి పెట్టి వినాలి. బాగున్న ట్యాంకులో చిన్న గుర్రుమనే చప్పుడు వస్తుంది. రెండోదాంట్లో రాకపోతే పంపుకు కరెంటు చేరుతోందో లేదో కొలవాలి. ఉత్త టెస్ట్ ల్యాంపు వెలిగితే సరిపోదు. తుప్పు పట్టిన కనెక్టరు బల్బును వెలిగించగలదు కానీ, నాలుగైదు ఆంపియర్లు లాగే పంపును తిప్పలేదు. పంపు తిరుగుతుండగా దాని దగ్గర వోల్టేజి చూడాలి, బ్యాటరీ దగ్గరి వోల్టేజితో పోల్చాలి. తేడా ఒక వోల్టు దాటితే దోషం వైరుదో ఎర్త్‌దో.

1990 తర్వాతి ఫోర్డుల్లో డ్యాష్‌బోర్డు స్విచ్చిని తప్పకుండా బయటికి లాగి చూడాలి. పంపు కరెంటంతా ఆ స్విచ్చి గుండానే పోతుంది. వెనక్కి తిప్పి చూస్తే, ఒక పిన్ను చుట్టూ ప్లాస్టిక్ బెల్లం రంగుకు తిరిగి, కొద్దిగా కరిగి కనపడుతుంది. ట్యాంకు దింపి వెయ్యి డాలర్ల పని చెయ్యకముందే చూడవలసిన చోటు ఇది. రెండు స్క్రూల పని.

1985-89 మధ్య ఫోర్డుల్లో తప్పుదారి పట్టించేది ఛాసిస్ పంపు చప్పుడు. ట్యాంకులోని పంపు చచ్చిపోతే ఛాసిస్ పంపే తంటాలు పడి పెట్రోలు లాక్కుంటుంది. చల్లటి పూట, ట్యాంకు నిండుగా ఉంటే బండి నడిచిపోతుంది కూడా. ఎండ ముదిరి, ట్యాంకు సగానికి దిగితే ఆవిరి పట్టి ఆగిపోతుంది. గోల చేస్తున్నది ఛాసిస్ పంపు కాబట్టి దాన్నే మార్చేస్తారు. కొన్నాళ్లకు కొత్త పంపూ కాలిపోతుంది. ఇక్కడ రెండో ట్యాంకుకు మార్చి వింటే చాలు. గోల తగ్గితే దోషం మొదటి ట్యాంకు లోపల ఉంది.

మోటారు వాల్వున్న జనరల్ మోటార్స్ బండిలో, ఒకరు స్విచ్చి నొక్కుతుంటే ఇంకొకరు వాల్వు మీద చెయ్యి పెట్టాలి. లోపల మోటారు తిరిగి ఆగిన అదురు చేతికి తెలుస్తుంది. తెలియకపోతే కనెక్టరు తీసి, బ్యాటరీ నుంచి రెండు వైర్లతో నేరుగా ఇచ్చి, ధ్రువాలు మార్చి చూడాలి. అప్పుడు తిరిగితే వాల్వు బాగుంది, స్విచ్చో వైరో పోయింది. ఈ వాల్వుకు ఇంకో గుణం ఉంది: కరెంటు పోతే ఎక్కడున్నది అక్కడే నిలిచిపోతుంది. అందుకే నెలల తరబడి ఒకే ట్యాంకు మీద నడుస్తున్నా డ్రైవరుకు తెలియదు. ఆ ట్యాంకు అడుగంటిన రోజే బయటపడుతుంది.

మెకానిక్కులు రాసినవి, చెప్పేవి ఎన్ని చూసినా ఎక్కువ భాగం సప్లై గురించే ఉంటుంది. ఇంజనుకు పెట్రోలు అందకపోతే బండి ఆగుతుంది కాబట్టి అది సహజమే. కానీ ప్రమాదం ఉన్నది రిటర్న్‌లో. ఫ్యూయెల్ ఇంజెక్షన్ ఇంజను తనకు వచ్చిన పెట్రోలంతా తాగదు. పంపు గంటకు సుమారు 20 గ్యాలన్లు తోస్తుంది. గ్యాలన్‌కు 15 మైళ్లిచ్చే బండి గంటకు 60 మైళ్ల వేగంతో పోతుంటే తాగేది నాలుగు గ్యాలన్లు. మిగిలిన పదహారూ వెనక్కి రావాలి, ఏ ట్యాంకు నుంచి బయల్దేరాయో ఆ ట్యాంకులోకే రావాలి. చెక్ వాల్వు రబ్బరు గట్టిపడి, రిటర్న్ రెండో ట్యాంకులోకి పోతోందనుకుందాం. గంట తిరిగేసరికి ఒక ట్యాంకు ఖాళీ, రెండోది నిండు. రెండోది ముందే నిండుగా ఉంటే, కొద్ది నిమిషాల్లో మూత దగ్గర్నుంచి పెట్రోలు కారి వేడి సైలెన్సరు పైపు దరిదాపుల్లో పడుతుంది.

ఇది ఊహించి చెబుతున్నది కాదు. 1990-93 మధ్య తయారైన రెండు ట్యాంకుల ఫోర్డ్ పికప్పులను కంపెనీ సరిగ్గా ఈ లోపం మీదే వెనక్కి పిలిచింది. అప్పుడు సరిచేసిన బళ్లలోని రబ్బరుకు కూడా ఇప్పుడు ముప్ఫై ఏళ్లు.

పరీక్ష తేలికే. రెండు ట్యాంకులూ సగం మట్టంలో ఉంచాలి. ముందు ట్యాంకు మీద అరగంట నడపాలి. ఆగి, స్విచ్చి మార్చి, వెనక ట్యాంకు ముల్లు చూడాలి. అది పెరిగి ఉంటే రిటర్న్ తప్పుతోంది. తర్వాత తిరగేసి అదే పరీక్ష చెయ్యాలి, ఎందుకంటే తప్పు సాధారణంగా ఒక వైపే ఉంటుంది. ఏ ట్యాంకు నిండుతోందో ఆ ట్యాంకులోని చెక్ వాల్వే మూసుకోవడం లేదని అర్థం. ట్యాంకు బంకులో కొట్టించకుండానే నిండుతోందని సంతోషించేవాళ్లున్నారు. ఈ వ్యవస్థలో అంతకన్నా పెద్ద హెచ్చరిక లేదు. ఆ లోపం సరిచేసేదాకా ఏ ట్యాంకునూ సగానికి మించి నింపొద్దు, వీలైతే బండి తీయొద్దు.

మీటరు ముల్లు విషయానికొస్తే, అది అబద్ధం చెప్పే తీరులోనే ఆచూకీ ఉంటుంది. 1986 వరకు ట్యాంకులో మట్టం కొలిచే ఫోర్డ్ ఫ్లోటు యూనిట్లు ఖాళీకి 73 ఓములు, నిండుకు 10 ఓములు చూపేవి. అంటే వైరు తెగితే ముల్లు ఖాళీకి పడుతుంది, వైరు బాడీకి తగిలితే నిండుకు ఎక్కుతుంది. 1987 నుంచి ఇది తిరగబడింది: ఖాళీకి 16, నిండుకు 158. జనరల్ మోటార్స్‌లో ఖాళీకి సున్నా, నిండుకు 90. ఈ లెక్క తెలియక ఒక తరం బండి ఫ్లోటు యూనిట్‌ను ఇంకో తరం బండిలో వేస్తే, నిండు ట్యాంకు ఖాళీగా కనపడుతుంది. రెండు ట్యాంకుల మీదా ముల్లు తప్పుతుంటే ఫ్లోటులను అనుమానించనక్కర్లేదు. పాత ఫోర్డుల్లో పెట్రోలు ముల్లుతో పాటు ఇంజను వేడి ముల్లు కూడా తిక్కగా ఆడుతుంటే, డ్యాష్‌బోర్డు వెనక మీటర్ల వోల్టేజి రెగ్యులేటరు పోయినట్టే.

డీజిల్ బళ్లలో రోగం వేరే రకం. ఫోర్డ్ 6.9, 7.3 లీటర్ల పాత డీజిల్ ఇంజన్లకు ట్యాంకుల్లో పంపులుండవు, ఇంజను దగ్గరి పంపే అంత దూరం నుంచి లాక్కోవాలి. లాగే పైపుకు కన్నం పడితే డీజిల్ కారదు, గాలి లోపలికి పోతుంది. నేల మీద ఒక్క చుక్క మరక లేకపోయినా పొద్దున్నే స్టార్టు కాదు. ఇక్కడా పోలికే పరీక్ష: రెండో ట్యాంకు మీద రాత్రంతా ఉంచి తెల్లారి స్టార్టు చేసి చూడాలి. ఈ బళ్లదే ఇంకో తెలిసిన జబ్బు, పావు ట్యాంకు ఉండగానే బండి ఆగిపోవడం. డీజిల్ లాగే పైపు చివర ట్యాంకు అడుగుకు ఆనుకుని ప్లాస్టిక్ జల్లెడ ఒకటుంటుంది. అది పెళుసుబారి ఊడి అడుగున పడిపోతుంది. పైపు పొట్టిదైపోయి అడుగు డీజిల్‌ను అందుకోలేదు. మీటరు పావు చూపించడం నిజమే, బండికి డీజిల్ అందకపోవడమూ నిజమే.

పెద్ద ట్రక్కుల్లో, అంటే ఫ్రైట్‌లైనర్, కెన్‌వర్త్ లాంటివాటిలో, రెండు పక్కలా అల్యూమినియం ట్యాంకులుంటాయి. ఇక్కడ స్విచ్చి ఉండదు. రెండిటినీ కలిపే పైపు ద్వారా మట్టం సమానమవుతుంది, లేదా రెండిటి నుంచీ ఒకేసారి డీజిల్ తీసుకుంటుంది. ఒక పక్క దిగి ఇంకో పక్క దిగకపోతే మొదట మూతలోని గాలి రంధ్రం చూడాలి, తర్వాత కలిపే పైపులో మైనమో మడ్డో చేరిందేమో చూడాలి. కిందికి వేలాడే ఆ పైపుకు రోడ్డు మీది ఇనపముక్క తగిలితే రెండు ట్యాంకులూ ఒకేసారి ఖాళీ అవుతాయి. అందుకే ట్యాంకు అడుగుకన్నా కిందికి దిగే పైపులకు దెబ్బ తగలకుండా రక్షణ ఉండాలని అమెరికా ఫెడరల్ నిబంధన చెబుతుంది. ట్యాంకును 95 శాతానికి మించి నింపడానికి వీల్లేకుండా తయారుచెయ్యాలన్నదీ అక్కడి నిబంధనే.

మన రోడ్ల మీద కూడా రెండు డీజిల్ ట్యాంకుల లారీలున్నాయి. పెద్ద ట్రక్కులకు పైన చెప్పిన పరీక్షలు వాటికీ వర్తిస్తాయి. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 కాలుష్య ప్రమాణాలు వచ్చాక చాలా లారీలకు చేరిన నీలం మూత ట్యాంకు మాత్రం ఇంధన ట్యాంకు కాదు. డ్రైవర్లు యూరియా అని పిలిచే ఆ ద్రవం 32.5 శాతం యూరియా కలిపిన నీరు. అది డీజిల్‌లో పడితే స్టార్టు చెయ్యకుండా ట్యాంకు కడిగించడమే దారి. ఇక షెడ్డులో అదనపు ట్యాంకు వెల్డింగు చేయించుకోవడం రిజిస్ట్రేషను వివరాలను మార్చే పని, మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ పరిధిలోకి వస్తుంది.

ట్యాంకు ఎక్కడుండాలన్న ప్రశ్న మీద అమెరికాలో పెద్ద పోరాటమే జరిగింది. 1973-87 జనరల్ మోటార్స్ పికప్పుల ట్యాంకులు ఛాసిస్‌కు బయటి పక్కన ఉండేవి. పక్కనుంచి ఢీకొంటే నేరుగా ట్యాంకుకే తగులుతుందని 1992లో సెంటర్ ఫర్ ఆటో సేఫ్టీ అనే వినియోగదారుల సంస్థ ప్రభుత్వానికి అర్జీ పెట్టుకుంది. అదే ఏడాది నవంబరులో ఎన్‌బీసీ టీవీ ఒక పికప్పు మంటల్లో చిక్కుకోవడం చూపించింది. ఆ పరీక్షలో నిప్పు రాజేసే పరికరాలు ముందే అమర్చారని బయటపడి, 1993 ఫిబ్రవరిలో ఆ సంస్థ క్షమాపణ చెప్పింది. ఆ తప్పుడు ప్రదర్శన అసలు ప్రశ్నకు చాలా చెరుపు చేసింది. 1994 అక్టోబరులో రవాణా మంత్రి ఫెడెరికో పేన్యా ఇది భద్రతా లోపమేనని ప్రాథమికంగా తేల్చారు. డిసెంబరులో కంపెనీ భద్రతా కార్యక్రమాలకు 5.1 కోట్ల డాలర్లకు పైగా ఇవ్వడానికి ఒప్పుకుంది, బళ్లను మాత్రం వెనక్కి పిలవలేదు. కాబట్టి ఆ బండి నడిపేవాళ్లు ట్యాంకు పట్టీలు, నింపే పైపు రబ్బరు ఏటా చూసుకోవాలి. ఆ భారం యజమాని మీదే పడింది.

రిపేరు పనిలో మెకానిక్కుల మధ్య వాదాలు కొన్ని ఉన్నాయి. వెనక ట్యాంకు పంపు మార్చడానికి ట్యాంకు దింపాలా, వెనక తొట్టి లేపాలా? నా మొగ్గు తొట్టి వైపే. ఆరో ఎనిమిదో బోల్టులు విప్పి, నలుగురు పట్టుకుంటే తొట్టి లేస్తుంది, ట్యాంకు పైభాగం మొత్తం కళ్ల ముందుంటుంది, పెట్రోలు నిండిన ట్యాంకు కింద ఎవరూ పడుకోనక్కర్లేదు. తుప్పు తిన్న బోల్టులు విరుగుతాయన్నది ఎదుటివాళ్ల వాదన. అదీ నిజమే. కానీ విరిగిన బోల్టు కోయడానికి గ్రైండరు పట్టాల్సి వస్తే ట్యాంకును ముందే అక్కణ్ణుంచి తప్పించాలి. గాలిలో పెట్రోలు ఆవిరి 1.4 నుంచి 7.6 శాతం మధ్య ఉంటే అంటుకుంటుంది. ఖాళీ చేసిన ట్యాంకు నిండు ట్యాంకు కన్నా ప్రమాదం అనడానికి కారణం ఇదే.

రబ్బరు గొట్టం విషయంలో మాత్రం వాదానికి తావు లేదు. కార్బ్యురేటరుకు 5-7 పీఎస్ఐ ఒత్తిడి చాలు. ఇంజెక్షన్ లైన్లలో చాలావరకు అది ఇంజనును బట్టి 30 నుంచి 60 దాకా ఉంటుంది. కార్బ్యురేటరు బళ్ల గొట్టం మీద 30ఆర్7 అని, ఇంజెక్షన్ గొట్టం మీద 30ఆర్9 అని ముద్ర ఉంటుంది. ట్యాంకు లోపల పెట్రోలులో మునిగి ఉండే గొట్టానికి 30ఆర్10 కావాలి. ఇవి చూడటానికి ఒకేలా ఉంటాయి. మామూలు గొట్టాన్ని ట్యాంకులో వేస్తే పైపొర ఉబ్బి, మెత్తబడి, ముక్కలై జల్లెడకు అడ్డం పడుతుంది. కొత్త పంపు వేసిన ఏడాదికే మళ్లీ ట్యాంకు విప్పిన చోట తరచూ ఈ గొట్టమే దొరుకుతుంది. అలాగే కార్బ్యురేటరు కాలపు మార్పిడి వాల్వును, ఒత్తిడి ఎంత తట్టుకుంటుందో చూడకుండా, ఇంజెక్షన్ లైనులో బిగించకూడదు.

చివరి వాదం పెద్దది. రెండో ట్యాంకును బాగుచెయ్యాలా, తీసెయ్యాలా? బండి దూరాలు తిరగకపోతే తీసెయ్యడంలో తప్పు లేదు. అయితే తీసెయ్యడమంటే పూర్తిగా తీసెయ్యడమే. సప్లై పైపు, రిటర్న్ పైపు, ఆవిరి పైపు, మీటరు వైరు, పంపు వైరు, ఈ ఐదూ తెగాలి, మూతపడాలి. మిగిలిన ట్యాంకుకు రిటర్న్ నేరుగా కలవాలి. స్విచ్చి ఒకవైపు టేపు వేసి వదిలేస్తే తీసినట్టు కాదు. ఉంచుకునేవాళ్లు రెండు ట్యాంకులనూ మార్చి మార్చి వాడాలి. ఇథనాల్ కలిసిన పెట్రోలు నెలల తరబడి కదలకుండా ఉంటే, చేరిన తేమతో నీరు అడుక్కి దిగి ట్యాంకు తుప్పు పడుతుంది.

ఇలాంటి బండి కొనబోయేవాళ్లకు నా మనవి: అమ్మేవాళ్లు ఏం చెప్పినా, రెండు ట్యాంకుల్లోనూ కొద్దికొద్దిగా పెట్రోలు పోయించి, రెండిటి మీదా నడిపి, రెండో ట్యాంకు మట్టం పెరుగుతోందేమో చూడండి. ఆ పరీక్షకు ఒప్పుకోని బండిని వదిలెయ్యండి.